ఎదురెండలో కారు, బైక్ నడపడం ఎలా: రోజూ ఆఫీసుకు వెళ్ళేవాళ్ళకు

ఎదురుగా ఎండ పడగానే ముందు అద్దమంతా తెల్లగా పాలిపోయి రోడ్డు కనపడటం మానేస్తే అందరూ సూర్యుణ్ణే తిట్టుకుంటారు. అందులో పెద్ద వాటా అద్దానిది. ఆకాశంలో సూర్యబింబం పట్టే చోటు అర డిగ్రీ మాత్రమే. చెయ్యి చాచి చిటికెన వేలు అడ్డుపెడితే మొత్తం మరుగున పడిపోతుంది. అద్దం నిజంగా శుభ్రంగా ఉంటే ఆ ఒక్క చోటే మెరవాలి, మిగతా రోడ్డు కనిపించాలి. అద్దం మీద జిడ్డు పొర, దుమ్ము, సన్నని గీతలు ఉంటే మాత్రం ఆ వెలుతురు వాటికి తగిలి అన్ని దిక్కులా చెదురుతుంది. అర డిగ్రీ మెరుపు అద్దం నిండా పరుచుకుంటుంది. దానికి తోడు ఎదురెండలో మనకు కనిపించేది మనుషుల, బండ్ల నీడ వైపే. నల్లగా ఉన్న నీడ వైపు మీద తెల్లటి తెర పడితే రోడ్డు దాటుతున్న మనిషి అసలు లేనట్టే ఉంటాడు.

అందుకే పని అద్దంతో మొదలుపెట్టాలి, అదీ లోపలి వైపుతో. కూలింగ్ గ్లాసెస్ కొనడం ఆ తర్వాత.

లోపలి అద్దం

కారు లోపలి అద్దం చూడటానికి శుభ్రంగానే ఉంటుంది, వేలితో రాస్తే జారుతుంది. ఎండలో వేడెక్కిన డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిరి అద్దానికి పట్టి సన్నని జిడ్డు పొర అవుతుంది. కొత్త కార్లలో ఇది మరీ ఎక్కువ, కొత్త కారు వాసనలో కొంత భాగం ఇదే. దానికి ఏసీ దుమ్ము, ఊపిరి తేమ, పొద్దున్నే కారులో వెలిగించే అగరుబత్తి పొగ తోడవుతాయి. రాత్రిపూట ఫోన్ టార్చిని బయటి నుంచి అద్దానికి దాదాపు ఆనించి పక్కవాటుగా వేసి, లోపల కూర్చుని చూడండి. పొర ఎంత ఉందో, పాత గుడ్డ చారలు ఎక్కడెక్కడ ఉన్నాయో బయటపడతాయి.

కావలసినవి: ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (జిడ్డును కరిగించే స్పిరిట్ లాంటి ద్రవం) 250 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 250 మి.లీ. (బ్యాటరీల్లో పోసేదే, పెట్రోల్ బంకుల్లో దొరుకుతుంది), ఒక స్ప్రే బాటిల్, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు రెండు. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు కలపొద్దు, ఆరాక తెల్లని మరకలు మిగులుతాయి. గుడ్డల్ని ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయొద్దు. అందులో మెత్తదనం కోసం కలిపేది కూడా జిడ్డే, అది మళ్ళీ అద్దానికి ఎక్కుతుంది.

కారును నీడలో ఆపి, అద్దం చల్లారాక మొదలుపెట్టండి. వేడి అద్దం మీద ద్రవం తుడిచేలోపే ఆరిపోయి చారలు కడుతుంది. తలుపులు తెరిచి ఉంచండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు, ఇది మండే ద్రవం. స్ప్రే అద్దం మీద కాదు, గుడ్డ మీద కొట్టాలి. అద్దం మీద కొడితే కిందికి కారి డాష్‌బోర్డు సందుల్లోకి పోతుంది. మొదటి గుడ్డతో అడ్డంగా, ఎడమ నుంచి కుడికి, చేతి వెడల్పు పట్టీల్లా తుడుచుకుంటూ రండి. తడి ఆరకముందే రెండో పొడి గుడ్డతో అదే దిశలో తుడవండి. బయటి వైపు తుడిచేటప్పుడు మాత్రం నిలువుగా తుడవండి. తర్వాత చార కనిపిస్తే అడ్డంగా ఉన్నది లోపలిది, నిలువుగా ఉన్నది బయటిది అని వెంటనే తెలుస్తుంది.

అద్దం డాష్‌బోర్డును కలిసే కింది మూల దగ్గర చెయ్యి దూరదు, అందరూ అక్కడే వదిలేస్తారు. పొర మందంగా ఉండేదీ అక్కడే. ప్లాస్టిక్ స్కేలుకు గుడ్డ చుట్టి తోయండి, లేదా అరచేతిని తిప్పి చేతి వెనక భాగంతో గుడ్డను నొక్కండి. ఏళ్ళ తరబడి తుడవని అద్దమైతే ఒక్కసారితో పోదు, రెండు మూడు సార్లు గుడ్డ మార్చి చేయాలి. ఆ తర్వాత పదిహేను రోజులకోసారి చాలు. మిగిలిన ద్రవాన్ని వేసవిలో కారులో వదిలేయొద్దు, ఇంట్లో పెట్టుకోండి.

బయటి అద్దం, వైపర్లు

అపార్ట్‌మెంట్లలో రోజూ పొద్దున్నే బండ్లు తుడిచే పద్ధతే బయటి అద్దానికి పెద్ద చేటు. ఒకే బకెట్, ఒకే గుడ్డ, ఇరవై కార్లు. మొదటి మూడు కార్ల మట్టి నాలుగో కారు అద్దాన్ని గీకుతుంది. ఆ గీతలు మామూలుగా కంటికి ఆనవు, ఎదురెండలో మాత్రం సాలెగూడులా వెలుగుతాయి. ముందు అద్దం మీద ముందుగా ఒక మగ్గు నీళ్ళు పోసి దుమ్ము జారిపోయాకే తుడవమని చెప్పండి, ఆ ఒక్క అద్దానికి వేరే గుడ్డ మీరే కొనివ్వండి.

బోరు నీళ్ళ తెల్లమచ్చలు ఉంటే తెల్ల వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి గుడ్డ తడిపి ఆ మచ్చల మీద రెండు మూడు నిమిషాలు ఉంచి, రుద్ది, మంచి నీళ్ళతో కడిగేయండి. పెయింటు మీదికి కారనివ్వొద్దు.

మన ఎండలకు వైపర్ రబ్బరు ఏడాది తిరక్కుండానే గట్టిపడుతుంది. వేలితో వంచి చూడండి. మెత్తగా వంగి వెనక్కి రాకపోయినా, అంచున పగుళ్ళు కనిపించినా మార్చేయండి. వాన మొదలయ్యాక కాదు, మే నెలాఖరులోనే మార్చుకుంటే ఎండకాలపు దుమ్ముకూ, రాబోయే వానలకూ పనికొస్తాయి. వాషర్ ట్యాంకులో సర్ఫు, షాంపూ పోయడం చాలామందికి అలవాటు. నురగ ఆరి అదే ఒక పొర అవుతుంది. వాషర్ ఫ్లూయిడ్ డబ్బా మీద రాసిన పాళ్ళలో డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయండి.

ఒక్క జాగ్రత్త మరిచిపోవద్దు: సూర్యుడికి ఎదురుగా వేగంగా పోతున్నప్పుడు వాషర్ నీళ్ళు కొట్టొద్దు. తడి మట్టి అద్దమంతా పరుచుకుని వైపర్ రెండు మూడు సార్లు తిరిగేదాకా ఏమీ కనపడదు. 60 కి.మీ. వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. నీళ్ళు కొట్టేది ఇంటి దగ్గరో, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడో.

వేలిగోరు తట్టుకునేంత లోతు గీత పాలిష్‌తో పోదు. హైవేల మీద ఏళ్ళు తిరిగిన బండి అద్దానికి ఇసుక తగిలి ఏర్పడే చుక్కల్లాంటి గుంటలూ అంతే. ఎండలో అద్దం నిండా చుక్కలు మెరుస్తుంటే అద్దం మార్చడమే దారి. ముందు మీ ఇన్సూరెన్స్ పాలసీలో అద్దం సంగతి ఏం రాసి ఉందో చూసుకోండి.

ఇక డాష్‌బోర్డు. సర్వీసింగుకు ఇచ్చినప్పుడు దానికి నిగనిగలాడే పాలిష్ కొట్టొద్దని ముందే చెప్పండి. మెరిసే డాష్‌బోర్డు ముందు అద్దంలో ప్రతిబింబించి మరో తెర కడుతుంది. తెల్ల కాగితాలు, టోల్ రసీదులు, టిష్యూ డబ్బా, ఇత్తడి విగ్రహం అన్నీ అలాగే ప్రతిబింబిస్తాయి. విగ్రహాన్ని అద్దానికి దూరంగా, ఎండ తగలని కింది చోటికి మార్చుకోండి, ఎయిర్‌బ్యాగ్ మూత మీద మాత్రం పెట్టొద్దు.

మీ రోడ్డు ఏ దిక్కుకు పోతుందో చూసుకోండి

ఎదురెండ ఏ రోజు, ఏ గంటకు, ఏ రోడ్డు మీద పడుతుందో ముందే లెక్క కట్టొచ్చు. హైదరాబాద్ అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. అక్కడ సూర్యుడు జూన్ మూడో వారంలో నేరు తూర్పుకు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబర్ మూడో వారంలో 25 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. అస్తమయం కూడా పడమటి వైపు అంతే. మార్చి 20, సెప్టెంబర్ 22 ప్రాంతాల్లో మాత్రమే నేరు తూర్పు, నేరు పడమర. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఈ లెక్కలో తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు. ఫోన్‌లో దిక్సూచి తెరిచి మీ రోడ్డు కోణం చూడండి (ఉత్తరం 0, తూర్పు 90, పడమర 270 డిగ్రీలు). పొద్దున పోయే దిశ 65 నుంచి 115 డిగ్రీల మధ్య, లేదా సాయంత్రం పోయే దిశ 245 నుంచి 295 డిగ్రీల మధ్య ఉంటే ఏడాదిలో ఏదో ఒక కాలంలో సూర్యుడు సరిగ్గా మీ రోడ్డు చివర నిలబడతాడు.

ఇక గంటల సంగతి. ఉదయం సూర్యుడు గంటకు 13, 14 డిగ్రీల చొప్పున పైకి వస్తాడు. ఇబ్బంది పెట్టేది 3 నుంచి 20 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు. అంతకంటే పైకి పోతే కారు పైకప్పు, సన్ వైజర్ చూసుకుంటాయి. అంటే పొద్దు పొడిచిన పావుగంట నుంచి సుమారు గంటన్నర దాకా, సాయంత్రం పొద్దు కుంకడానికి గంటన్నర ముందు నుంచి. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని ఎత్తు పది డిగ్రీలు. సూర్యుడికీ నేలకీ మధ్య రెండు పిడికిళ్ళు పట్టకపోతే ఎదురెండ గంటలో ఉన్నట్టే.

పటాన్‌చెరులో ఉంటూ కూకట్‌పల్లి, అమీర్‌పేట వైపు ఉద్యోగానికి వచ్చేవాళ్ళను తీసుకోండి. ఆ రోడ్డు పొద్దున తూర్పు ఆగ్నేయంగా, సుమారు 107 డిగ్రీల దిశలో సాగుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దుటి సూర్యుడు ఉండేది అటువైపే. జనవరిలో సూర్యోదయం 6.48 ప్రాంతంలో, కాబట్టి ఏడు నుంచి ఎనిమిదింపావు దాకా సూర్యుడు రోడ్డుకు సూటిగా ఉంటాడు. సాయంత్రం వెనక్కి వచ్చేటప్పుడు దిశ పడమటి వాయవ్యం. ఏప్రిల్, మే నెలల్లో అస్తమయం అటే, అదీ ఆరున్నర దాటాక, కాబట్టి ఆఫీసు వదిలే వేళకే కళ్ళలో పడుతుంది. ఎల్బీనగర్ నుంచి విజయవాడ హైవే మీద చౌటుప్పల్ వైపు పనికి వెళ్ళేవాళ్ళదీ ఇదే దిశ, ఇదే బాధ. ఉప్పల్–ఘట్‌కేసర్ మీదుగా పోయే వరంగల్ హైవే ఈశాన్యానికి తిరిగి ఉంటుంది. అటు పొద్దున పోతే మే, జూన్‌లలో ఎదురెండ. కానీ అప్పుడు సూర్యోదయం ఆరు లోపే, ఏడుంబావు తర్వాత బయల్దేరేవాళ్ళకు పెద్దగా తెలియదు. ఆ రోడ్డు మీద తెల్లవారి షిఫ్టు వాళ్ళే జాగ్రత్త పడాలి.

ఇల్లు ఆఫీసుకు తూర్పున ఉంటే పొద్దున, సాయంత్రం రెండు పూటలా సూర్యుడు వెనకే ఉంటాడు. ఇల్లు పడమట ఉంటే రెండు పూటలా ఎదురే. అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు ఎవరూ చూసుకోని విషయం ఇది, చూసుకోదగ్గ విషయం. ఇల్లు మార్చలేకపోతే అరగంట మార్చి చూడండి. అరగంటలో సూర్యుడు దాదాపు 7 డిగ్రీలు కదులుతాడు, సన్ వైజర్ చాటుకు పోవడానికి చాలాసార్లు అది సరిపోతుంది.

సీటు, సన్ వైజర్, కళ్ళద్దాలు

సీటు కిందికి దించి వెనక్కి వాలి నడిపేవాళ్ళకు సన్ వైజర్ అందదు. సీటు ఎత్తు పెంచండి, తలకూ పైకప్పుకూ మధ్య పిడికెడు జాగా మిగిలితే చాలు. వైజర్ను మొత్తం కిందికి దించేసి రోడ్డును కూడా కప్పుకోవద్దు. దాని అంచు సూర్యబింబానికి కొంచెం కిందికి వచ్చేలా పెట్టండి. ఉత్తర, దక్షిణాలుగా పోయే రోడ్డు మీద ఎండ పక్క నుంచి వస్తుంది, అప్పుడు వైజర్ క్లిప్పు ఊడదీసి పక్క కిటికీ వైపు తిప్పాలి. ఆ క్లిప్పు ఊడుతుందని తెలియని డ్రైవర్లు చాలామంది ఉన్నారు. పొట్టిగా ఉన్నవాళ్ళకు వైజర్ ఎంత దించినా చాలదు. వాళ్ళకు ముందు అంచు ఉన్న మామూలు టోపీని మించిన మందు లేదు. తల ఒక్క వేలెడు వంచితే సూర్యుడు మరుగు.

కళ్ళద్దాల్లో పోలరైజ్డ్ రకం తడి రోడ్డు, బానెట్, డాష్‌బోర్డు నుంచి ఎగిరే మెరుపును బాగా కోస్తుంది. నేరుగా పడే సూర్యుణ్ణి అది ప్రత్యేకంగా ఏమీ చేయదు, మామూలు నల్లద్దం ఎంత తగ్గిస్తుందో అంతే. కొనేముందు ఆ అద్దాల్లోంచి ఫోన్ తెర చూస్తూ ఫోన్‌ను అడ్డంగా, నిలువుగా తిప్పండి. సాధారణంగా ఏదో ఒక కోణంలో తెర నల్లబడాలి. మీ కారు తెర, మీటర్లు కూడా ఆ కళ్ళద్దాలతో కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. లేబుల్ మీద కేటగిరీ అంకె ఉంటుంది. 2 అంటే 18 నుంచి 43 శాతం, 3 అంటే 8 నుంచి 18 శాతం వెలుతురు లోపలికి వదిలేవి. ఫ్లైఓవర్ల కింద నీడ, ఎండ మారుతూ పోయే నగరం రోడ్లకు కేటగిరీ 2 హాయి, బయలు హైవేకు 3. కేటగిరీ 4 డ్రైవింగుకు పనికిరాదు. ఎండకు నల్లబడే ఫోటోక్రోమిక్ అద్దాలను నమ్ముకోవద్దు. వాటిని నల్లబరిచే అతినీలలోహిత కిరణాలను ముందు అద్దమే చాలావరకు ఆపేస్తుంది, అందుకే కారులో అవి సరిగా నల్లబడవు.

నల్ల ఫిల్మ్ అంటించుకుందామన్న ఆలోచన వద్దు. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని మోటారు వాహనాల నిబంధన 100 చెబుతుంది. ఫిల్మ్‌లు అంటించడాన్ని 2012లో సుప్రీంకోర్టు నిషేధించింది. చలానా మాట అటుంచితే, పొద్దుగూకాక ఆ నల్లద్దమే ప్రమాదం.

ఎదురెండ ఈ మధ్య మరీ ఎక్కువ బాధిస్తోందని, రాత్రి ఎదురు లైట్లకూ కళ్ళు చెదురుతున్నాయని అనిపిస్తే కంటి డాక్టర్‌కు చూపించుకోండి. శుక్లం మొదట్లో కనిపించే లక్షణాల్లో ఇదొకటి.

రోడ్డు మీద

ఎండ కళ్ళలో పడే మలుపు, ఫ్లైఓవర్ ఎక్కుడు ఎక్కడున్నాయో రోజూ పోయేవాళ్ళకు తెలుసు. అది రాకముందే వేగం తగ్గించండి. నీడలోంచి ఒక్కసారిగా ఎండలోకి వచ్చినప్పుడు కళ్ళు సర్దుకునేలోపే బండి పదుల మీటర్లు పోయి ఉంటుంది. ముందు బండికి కనీసం నాలుగు సెకన్ల ఎడం ఉంచండి. ముందు బండి ఒక స్తంభం దాటగానే లెక్కపెట్టడం మొదలెడితే మీరు ఆ స్తంభం చేరేలోపు నాలుగు పూర్తవ్వాలి. 60 కి.మీ. వేగంలో అది 65 మీటర్లు దాటుతుంది.

బస్సు వెనక నీడలో పోదామని చాలామంది దగ్గరికి జరుగుతారు. ఈ లెక్క చూడండి: సూర్యుడు పది డిగ్రీల ఎత్తులో ఉంటే మూడు మీటర్ల బస్సు నీడ కారు డ్రైవర్ కళ్ళను కప్పేది పది మీటర్ల దాకే. 40 కి.మీ. వేగంలో పది మీటర్లంటే ఒక్క సెకను కూడా కాదు. బస్సు బ్రేకు వేస్తే ఆపడానికి టైమే ఉండదు.

చూపు సూర్యుడి మీద కాక ఎడమ అంచు తెల్లగీత మీద పెట్టండి. కానీ ఆ ఎడమ పక్కనే టెయిల్ లైట్లు లేకుండా ఆగిన లారీ, ట్రాక్టర్ ట్రాలీ ఉండొచ్చు. ఊళ్ళ దగ్గర కోతల కాలంలో ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పెట్టిన రాళ్ళూ ఉంటాయి. మూడు లేన్లున్న చోట మధ్య లేన్‌లో ఉండటమే మంచిది. ఓవర్‌టేక్ చేయొద్దు. సిగ్నల్ లైటు వెలిసిపోయి కనిపిస్తే పక్క బండ్లు కదిలాయి కదా అని కదలొద్దు, రంగు కళ్ళారా చూశాకే.

బొత్తిగా కనపడకపోతే సడన్ బ్రేకు వేయొద్దు, వెనకవాడికీ కనపడటం లేదు. యాక్సిలరేటర్ వదిలి, బ్రేకు మెల్లగా తాకి బ్రేకు లైటు వెలిగేలా చేస్తూ, ఎడమ ఇండికేటర్ వేసి రోడ్డు పూర్తిగా దిగి ఆపండి. హజార్డ్ లైట్లు వేసి ఇరవై నిమిషాలు ఆగితే పొద్దున పూట సూర్యుడు అయిదు డిగ్రీల దాకా పైకి పోతాడు.

మీ కారు నీడ మీ ముందు పొడుగ్గా పడుతోందంటే సూర్యుడు మీ వెనక ఉన్నాడు, మీకు హాయి. కానీ అటునుంచి వచ్చేవాళ్ళకు, యూటర్న్ తీసుకునేవాళ్ళకు, రోడ్డు దాటేవాళ్ళకు మీరు కనపడటం లేదు. లో బీమ్ లైట్లు వేసుకోండి. వెనక బండ్లను చూసుకునే అద్దం (రియర్ వ్యూ మిర్రర్) కింద ఉండే చిన్న మీటను రాత్రికి వాడినట్టే తిప్పేస్తే వెనక ఎండ మెరుపు తగ్గుతుంది.

బైక్ మీద వెళ్ళేవాళ్ళకు

హెల్మెట్ గ్లాసు పాలికార్బనేట్, అద్దం కాదు. పెట్రోల్, థిన్నర్ తగిలితే సన్నగా పగుళ్ళు పట్టి మసకబారుతుంది, కారు అద్దానికి వాడిన ఐసోప్రొపైల్ కూడా దీనికి వాడొద్దు. పొద్దున్నే చొక్కా కొంగుతో పొడిగా తుడిచే అలవాటు దాన్ని కొద్ది నెలల్లో గీతలమయం చేస్తుంది. గోరువెచ్చని నీళ్ళతో తడిపిన గుడ్డను దాని మీద అయిదు నిమిషాలు కప్పి, ఎండిన పురుగులు, మట్టి మెత్తబడ్డాక, రెండు చుక్కల బేబీ షాంపూతో చేత్తోనే కడగండి. మెత్తని గుడ్డతో అద్ది ఆరనివ్వండి, రుద్దొద్దు.

గ్లాసు పై అంచున రెండు వేళ్ళ వెడల్పు నల్ల ఇన్సులేషన్ టేపు లోపలి వైపు అంటిస్తే చౌకలో సన్ వైజర్ తయారవుతుంది. తల నిటారుగా ఉన్నప్పుడు ఆ పట్టీ చూపుకు అడ్డు రాకూడదు, గడ్డం కాస్త దించితే సూర్యుణ్ణి కప్పాలి. ముందు పెన్సిల్ గీత పెట్టుకుని, బండి మీద కూర్చుని సరిచూసుకుని అంటించండి. పూర్తి నల్ల గ్లాసు వేసుకుని సాయంత్రం బయల్దేరితే దారిలో చీకటి పడుతుంది, అప్పుడు గ్లాసు పైకెత్తుకుని నడపాల్సి వస్తుంది, కళ్ళలో పురుగులు, దుమ్ము పడతాయి. లోపల వేరే నల్ల గ్లాసు దిగే ఐఎస్ఐ హెల్మెట్ కొనండి. అది కుదరకపోతే తెల్ల గ్లాసే ఉంచుకుని, లోపల కేటగిరీ 2 కళ్ళద్దాలు పెట్టుకోండి. వాటి కాడలు సన్నగా, తిన్నగా ఉండాలి. వెడల్పు కాడలు పక్క చూపును మూసేస్తాయి, హెల్మెట్ లోపల చెవుల మీద నొక్కుకుంటాయి కూడా.